రోడ్రిగ్స్‌కు దక్కింది, యానాంకు ఎందుకు దక్కదు?

చిన్న రాష్ట్రం బతకదట. దానికి నిధులుండవట, నదులుండవట, నడిపే నాయకులుండరట. చిన్న సభలో నలుగురిని కొనేస్తే ప్రభుత్వం కూలిపోతుందట. ఈ మాటలు వినీ వినీ మన చెవులు చిల్లులు పడ్డాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక కూడా ఈ పాట ఆగలేదు. దేశంలో ఎక్కడ ఎవరు రాష్ట్రం అడిగినా అదే రికార్డు తిరగేసి వేస్తున్నారు. పెద్దగా ఉంటేనే బలమని, చిన్నగా ఉంటే అనాథలమని భయపెడుతున్నారు.

ఈ భయానికి జవాబు కోసం విదర్భకో గూర్ఖాలాండ్‌కో పోనక్కర్లేదు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో నిలబడి సముద్రంవైపు చూస్తే చాలు. ఆ రేవు నుంచి ఓడలెక్కిన మనవాళ్లు చేరిన దీవి ఇవాళ ఒక దేశం. దానికొక జెండా ఉంది, ఒక జాతీయ సభ ఉంది. ఆ దేశం మారిషస్. మొత్తం విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన రోజున మన కోనసీమ జిల్లా విస్తీర్ణం 2,083 చదరపు కిలోమీటర్లు. అంటే ఒక దేశం మొత్తం మన కోనసీమలో ఒదిగిపోతుంది. జనాభాలో కూడా కోనసీమే పెద్దది. 2011 లెక్కల ప్రకారం ఆ జిల్లా పరిధిలో 17 లక్షల పైచిలుకు జనం ఉంటే, మారిషస్ జనాభా 12 లక్షల 60 వేల దరిదాపుల్లో ఉంది.

మరి ఆ దేశం బతికిందా, చచ్చిందా? ఈ ప్రశ్న మేం కొత్తగా అడుగుతున్నది కాదు. స్వాతంత్ర్యానికి ముందే తెల్లదొరలు అడిగారు. జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త, తర్వాత 1977లో నోబెల్ బహుమతి అందుకున్న పెద్దమనిషి, 1961లో అచ్చయిన నివేదికలో ఆ దీవి భవిష్యత్తు మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు. జనం పెరిగిపోతున్నారు, చెరకు తప్ప పంట లేదు, పని దొరకదు అని లెక్కలు వేశాడు. లెక్కలు తప్పాయి. చెరకు డబ్బుతో, 1970 తర్వాత వచ్చిన ఎగుమతి పరిశ్రమలతో, పర్యాటకంతో ఆ దేశం నిలబడింది. ఆఫ్రికా ఖండం లెక్కల్లో మెరుగైన దేశాల వరుసలో కూర్చుంది. నోబెల్ మేధావి అంచనాయే తప్పినప్పుడు, మన ఊళ్లో టీవీ స్టూడియో మేధావుల అంచనాలకు మనం ఎందుకు వణకాలి?

అయితే ఈ వారం మేం మాట్లాడదలచుకున్నది డబ్బు గురించి కాదు, సభ గురించి. చిన్న దేశంలో చట్టసభ ఎలా ఉండాలి, అందులో ఇంకా చిన్నవాళ్లకు చోటు ఎలా దొరకాలి అన్నదే అసలు ప్రశ్న. రాష్ట్రం అడిగే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు జవాబు చెప్పి తీరవలసిన ప్రశ్న ఇది.

కోరంగీల కథ

ముందు మనవాళ్లు అక్కడికి ఎలా పోయారో గుర్తుచేసుకుందాం. 1830లు, 1840లు గోదావరి సీమకు చెడ్డ కాలం. నందన నామ సంవత్సరపు కరువు 1832–33లో కోస్తాను ఊడ్చేసింది. 1839 నవంబర్‌లో వచ్చిన ఉప్పెన కోరంగిని ముంచేసింది. నది పక్కనే పారుతున్నా పొలానికి నీళ్లు లేవు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, ముగిసింది 1852లో. ఈ జిల్లా ఎందుకు పాడుపడుతోందో చూసి రమ్మని కంపెనీ ప్రభుత్వం హెన్రీ మాంట్‌గోమరీని పంపితే, 1844లో ఆయన ఇచ్చిన నివేదికలో కనబడేది జనం తగ్గిపోతున్న జిల్లా, సాగు పడిపోతున్న జిల్లా. ఆనాటి జనం ముందున్న దారులు రెండే. ఆకలికి చావడం, లేదా ఓడెక్కడం.

అదే సమయంలో మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల దొరలకు కూలీలు కావాలి. 1834 నవంబర్ 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని తీసుకుపోయి దించింది. ఆ తర్వాత 1910 దాకా సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ దీవి మీద కాలు పెట్టారు. వాళ్లలో గోదావరి జిల్లాలవాళ్లు, విశాఖ, గంజాం జిల్లాలవాళ్లు ఉన్నారు. కోరంగి నుంచి ఎక్కినవాళ్లు కాబట్టి అక్కడ వాళ్లకు 'కోరంగీలు' అనే పేరే పడిపోయింది. రంగూన్‌లోనూ తెలుగువాళ్లను ఇదే పేరుతో పిలిచారు. పక్కనే ఉన్న యానాం ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది. అక్కడి నుంచి రీయూనియన్ దీవికి 1820ల చివర్లోనే తెలుగు కూలీలు పోయారు.

ఐదేళ్ల ఒప్పందం. నెలకు ఐదు రూపాయలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలీ కోత. ఊరు దాటాలంటే చీటీ. బానిసత్వం పేరు మారింది, బతుకు మారలేదు. అలాంటి చోట ఓటు ఎవరికి ఉంటుంది? 1886లో ఆ దీవిలో మొదటిసారి ఎన్నికలు జరిగాయి. మూడున్నర లక్షల పైగా జనం ఉన్న దీవిలో ఓటర్లు నాలుగు వేల చిల్లర. ఎన్నికయ్యే సీట్లు పది. ఆస్తి ఉన్నవాడికే ఓటు, అంటే తోట యజమానికే ఓటు. భారతీయ మూలాలున్న మనిషి ఆ సభకు ఎన్నిక కావడానికి 1926 దాకా ఆగవలసి వచ్చింది.

తెలుగు రాస్తే ఓటు

ఇక్కడ మన విద్యార్థి మిత్రులు జాగ్రత్తగా చదవవలసిన విషయం ఒకటి ఉంది. 1947లో మారిషస్‌కు కొత్త రాజ్యాంగం వచ్చింది. ఆస్తి లేకపోయినా, చదవడం రాయడం వచ్చినవాడికి ఓటు ఇస్తామన్నారు. ఏ భాషలో? ఇంగ్లీషు, ఫ్రెంచి ఒక్కటే అనలేదు. హిందుస్తానీ, తమిళం, తెలుగు, ఉర్దూ, గుజరాతీ, చైనీస్, ఆఖరికి అక్కడి ఇంటి భాష క్రియోల్ కూడా చెల్లుతుందన్నారు. అంటే తోటలో చెరకు కొట్టే కోరంగీ, తెలుగులో నాలుగు మాటలు చదివి రాసి చూపిస్తే ఓటరు జాబితాలోకి ఎక్కుతాడు!

అప్పుడు ఏం జరిగింది? 'బైట్కా' అని పిలిచే ఊరి సావిళ్లలో రాత్రిళ్లు లాంతరు పెట్టుకుని అక్షరాలు దిద్దారు. బాసుదేవ్ బిసూన్‌దయాల్ వంటి ఉద్యమకారులు ఊరూరా తిరిగి జనం చేత రాయించారు. తెలుగువాళ్ల మారిషస్ ఆంధ్ర మహాసభ పుట్టింది కూడా 1947లోనే. 12 వేల దగ్గర కొట్టుకుంటున్న ఓటర్ల సంఖ్య 1948 ఎన్నికల నాటికి 70 వేలు దాటింది. 34 మంది ఉన్న సభలో ఎన్నికైనవాళ్లు 19 మందే. మిగిలినవాళ్లు గవర్నరు నామినేట్ చేసినవాళ్లు, అధికారులు. అయినా ఆనకట్టకు గండి పడినట్టే అయింది. 1959 నాటికి వయోజనులందరికీ ఓటు వచ్చింది. 1967 ఆగస్టు 7న స్వాతంత్ర్యం కావాలా వద్దా అన్న ఎన్నిక జరిగింది. 1968 మార్చి 12న, దండియాత్ర మొదలైన తారీఖున, మారిషస్ స్వతంత్ర దేశమైంది. 1992 మార్చి 12న గణతంత్రమైంది. ఆనాటి నుంచే ఆ చట్టసభకు జాతీయ సభ అని పేరు.

మాతృభాష వల్ల ఉద్యోగం రాదని మన పిల్లలకు చెప్పి చెప్పి అలవాటు చేశారు. మాతృభాష ఓటు హక్కే తెచ్చిపెట్టిన చరిత్ర మనవాళ్లకు ఉందని ఏ పాఠ్యపుస్తకం చెప్పింది?

2014 నుంచి 2017 దాకా మారిషస్‌కు అటార్నీ జనరల్‌గా పనిచేసినాయన పేరు రవి యెర్రిగాడు. ఆ ఇంటిపేరు వెనక కథ మేం అల్లం. కానీ పేరు చివర 'గాడు' అనే తోకను మన డెల్టాలో ఎవరు ఎవరికి తగిలించేవారో చదువరులకు చెప్పనక్కర్లేదు. ఇక్కడ పొలంగట్టు మీద వినబడే పిలుపు అక్కడ దేశానికి న్యాయ సలహా ఇచ్చే కుర్చీ దాకా పోయింది. చిన్న దేశం చేసిన పని అది.

సభ లెక్క

ఇప్పుడు ఆ సభ ఎలా నడుస్తుందో చూద్దాం. ప్రధాన దీవిని 20 నియోజకవర్గాలు చేశారు. ఒక్కో నియోజకవర్గానికి ముగ్గురు సభ్యులు, ఓటరు మూడు ఓట్లు వేస్తాడు. అవి 60 సీట్లు. రోడ్రిగ్స్ అనే చిన్న దీవికి మరో రెండు. మొత్తం 62. పన్నెండున్నర లక్షల జనానికి 62 మంది అంటే, సగటున ఇరవై వేల మందికి ఒక సభ్యుడు. మన కోనసీమ జిల్లా ఏర్పడిన రోజున అందులో ఉన్న అసెంబ్లీ సీట్లు 7. సగటున రెండున్నర లక్షల మందికి ఒక ఎమ్మెల్యే. దేశపు సభను, రాష్ట్రపు సభను ఒకే త్రాసులో తూచకూడదని మాకూ తెలుసు. కానీ ఏటిగట్టు తెగినప్పుడు, కొబ్బరి ధర పడిపోయినప్పుడు జనం వెళ్లి నిలదీయగలిగే మనిషి ఎంత దగ్గరలో ఉన్నాడన్నది రెండు చోట్లా ఒకటే ప్రశ్న. అక్కడ సభ్యుడికి తన ఓటరు ముఖం తెలుస్తుంది. ఇక్కడ ఓటరుకు సభ్యుడి ఫ్లెక్సీ తెలుస్తుంది.

ఆ 62 మీద ఇంకో ఎనిమిది సీట్ల దాకా ఉన్నాయి. వాటిని 'బెస్ట్ లూజర్' సీట్లంటారు. ఓడినవాళ్లలో బాగా ఓట్లు తెచ్చుకున్నవాళ్లకు దక్కే సీట్లు. 1966లో బాన్‌వెల్ కమిషన్ చెప్పిన పద్ధతి ఇది. ఎన్నికల్లో ఏ వర్గానికైనా తగినంత చోటు దొరక్కపోతే, మొదటి నాలుగు సీట్లు పార్టీతో పనిలేకుండా ఆ వర్గపు అభ్యర్థులకు పోతాయి. తర్వాతి నాలుగు పార్టీల బలం చెదరకుండా సర్దుతారు.

దీని విలువ ఎప్పుడు తెలిసిందంటే, 1982లో, 1995లో, మళ్లీ 2024 నవంబర్‌లో. ఆ మూడు ఎన్నికల్లోనూ ప్రధాన దీవిలోని 60కి 60 సీట్లూ ఒకే కూటమి ఊడ్చుకుపోయింది. మన పద్ధతే అయితే ప్రతిపక్షం బెంచీలు బూజు పట్టిపోయేవి. అక్కడ ప్రధాన దీవి నుంచి ప్రతిపక్షం తరఫున సభలో నోరు విప్పిన మనిషి ఉన్నాడంటే, అది ఈ బెస్ట్ లూజర్ పుణ్యమే. గెలిచినవాడిదే మొత్తం అనుకునే చోట, ఓడినవాడికి కూడా ఓ కుర్చీ వేసిన రాజ్యాంగం అది.

అంతా బంగారమేనా?

కాదు. నచ్చిన దేశమని నెత్తిన పెట్టుకుని ఊరేగడం మా పద్ధతి కాదు. మచ్చలు కూడా చూద్దాం.

బెస్ట్ లూజర్ పద్ధతిలో నాలుగే గళ్లు ఉన్నాయి. హిందువులు, ముస్లింలు, చైనీస్ మూలాలవాళ్లు, మిగిలిన 'సాధారణ జనాభా'. తెలుగువాళ్లు, తమిళులు, మరాఠీలు ఎక్కడున్నారు? హిందువుల గడిలో కలిసిపోయారు. ఇంట్లో ఉగాది చేసుకునేవాడికి, ఉగాదిని ప్రభుత్వ సెలవుదినంగా సాధించుకున్నవాడికి, సభ లెక్కల్లో తెలుగువాడిగా ఉనికి లేదు. 1990 డిసెంబర్‌లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. మన నాయకులు వెళ్లి శాలువాలు కప్పించుకుని వచ్చారు. సంస్కృతికి శాలువా, ప్రాతినిధ్యానికి మొండిచెయ్యి!

పైగా ఆ గళ్లలో సీట్లు పంచడానికి ఇప్పటికీ వాడేది 1972 జనాభా లెక్కలు. ఆ తర్వాత జనగణనలో వర్గం అడగడమే మానేశారు. అభ్యర్థి నామినేషన్ వేసేటప్పుడు నేను ఫలానా వర్గమని రాసివ్వాలి. రాయకపోతే నామినేషన్ చెల్లదు. నేను మారిషస్ వాడిని, అంతకు మించి చెప్పను అన్న కొందరు ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ దాకా పోతే, 2012లో ఆ కమిటీ ఆ నిబంధనను తప్పుపట్టింది. 2014 ఎన్నికల మటుకు వర్గం చెప్పడం ఐచ్ఛికం చేసి చేతులు దులుపుకున్నారు.

ఇంకా ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1972లో జరగవలసిన ఎన్నికలను 1976 దాకా వాయిదా వేశారు. ప్రధానమంత్రి కుర్చీ చాలా ఏళ్లు రెండు మూడు కుటుంబాల మధ్యే తిరిగింది. సభలో అధికార భాష ఇంగ్లీషు, ఫ్రెంచిలో మాట్లాడవచ్చునని రాజ్యాంగంలో రాశారు. 1948లో ఓటు తెచ్చిపెట్టిన తెలుగుకు సభలో ఆ చోటు దక్కలేదు. చిన్నదైనంత మాత్రాన సభ మంచిదైపోదు. ఈ మాట చిన్న రాష్ట్రాలు కోరేవాళ్లమే అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా చెప్పాలి. చిన్న రాష్ట్రం వస్తే చాలు, అన్నీ వాటంతటవే వస్తాయని నమ్మించినవాడు ఉద్యమానికి మిత్రుడు కాదు.

ఆరు వందల కిలోమీటర్ల అవతల

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం.

రోడ్రిగ్స్ అనేది మారిషస్‌కు తూర్పున దాదాపు ఆరు వందల కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్యనున్న దీవి. 108 చదరపు కిలోమీటర్లు. నలభై వేల పైచిలుకు జనం. 1967 దాకా వాళ్లకు ఓటే లేదు. ఓటు వచ్చిన మొదటిసారే, స్వాతంత్ర్యం వద్దన్న పార్టీకి గంపగుత్తగా వేశారు. రాజధాని వాళ్లు మమ్మల్ని పట్టించుకోరన్న భయం వాళ్లది. మనకు కొత్త భయం కాదు అది.

కొత్త దేశం ఆ దీవిని శత్రువుగా చూడవచ్చు. ద్రోహులని ముద్ర వేయవచ్చు. మొదట్లో నిర్లక్ష్యం చేసింది కూడా. కానీ చివరికి 2001లో ఒక చట్టం చేసి, 2002లో రోడ్రిగ్స్‌కు సొంత ప్రాంతీయ సభ ఇచ్చింది. జాతీయ సభలో రెండు సీట్లు అలాగే ఉన్నాయి. దాని మీద ప్రాంతీయ సభ, ఆ సభలో మెజారిటీ ఉన్నవాడు చీఫ్ కమిషనర్. వాళ్ల చేపలవేట, వాళ్ల నీళ్లు, వాళ్ల రోడ్ల సంగతి వాళ్లే చూసుకుంటారు. డబ్బు చాలావరకు పోర్ట్ లూయీ నుంచే వస్తుంది. కానీ ఎక్కడ ఖర్చుపెట్టాలో ఎన్నికైనవాళ్లు కూర్చుని తేలుస్తారు.

ఇప్పుడు కోరంగి పక్కకు రండి. గౌతమీ గోదావరి, కోరంగి నది కలిసే చోట యానాం ఉంది. 30 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల్లో 55,626 మంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, రాజధాని మాత్రం పుదుచ్చేరి. రోడ్డు మీద ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. 1954 జూన్ 13న ఫ్రెంచి పాలనను దించేసిన ఊరు ఇది. ఆ ఏడాది నవంబర్ 1న భారత పాలన వచ్చింది. 1956లో ఒప్పందం రాసుకున్నారు, 1962 ఆగస్టు 16న అది అమల్లోకి వచ్చింది. ఈ ప్రాంతాల రాజ్యాంగ హోదాలో మార్పులు చేయాలంటే ముందు ప్రజల ఇష్టం తెలుసుకోవాలని ఆ ఒప్పందంలోనే ఉంది. ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

2011లో పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం జనాభా 12 లక్షల 48 వేలు. అంటే ఇంచుమించు మారిషస్ అంతే. అక్కడి సభలో ఎన్నికయ్యే సీట్లు 30. పుదుచ్చేరికి 23, కారైకాల్‌కు 5, మాహేకు 1, యానాంకు 1. సగటున 41,600 మందికి ఒక సభ్యుడుంటే, యానాంలో 55 వేల మందికి ఒక్కడు. దూరంగా ఉన్న చిన్నదానికి మారిషస్ ఎక్కువ చోటిచ్చింది. పుదుచ్చేరి దూరంగా ఉన్నదానికి సగటు కంటే తక్కువిచ్చింది. ముప్ఫై మందిలో ఒక్కడు ఏం చేయగలడు? అధికార పక్షంలో ఉంటే బతిమాలుకుంటాడు, ప్రతిపక్షంలో ఉంటే అరుచుకుంటాడు. 2021లో స్వయానా రంగస్వామి వచ్చి యానాంలో పోటీ చేస్తే, అక్కడి జనం ఆయన్ని కాదని గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్ర అభ్యర్థిని గెలిపించారు. రంగస్వామి మరో సీటు నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఒక్క ఓటులో యానాం చెప్పదలచుకున్నది పుదుచ్చేరికి వినబడిందా?

పోనీ, ఊరి స్థాయిలోనైనా ఎన్నికైనవాళ్ల పాలన ఉందా? పుదుచ్చేరిలో 1968 తర్వాత 38 ఏళ్లకు 2006లో స్థానిక సంస్థల ఎన్నికలు జరిగాయి. 2011లో గడువు తీరాక ఏళ్లకేళ్లు మళ్లీ ఎన్నికల ఊసే లేదు. యానాం పెద్ద ఎవరంటే ప్రాంతీయ పరిపాలనాధికారి. ఆయన నియమితుడు. రోడ్రిగ్స్ పెద్ద చీఫ్ కమిషనర్. ఆయన ఎన్నికైనవాడు. రెండింటి మధ్య తేడా ఈ రెండు ముక్కల్లో ఉంది.

ఇంకో తేడా కూడా చూడండి. మారిషస్ సభలో అదనంగా వచ్చి చేరే ఎనిమిది మందీ జనం ముందుకు వెళ్లి ఓట్లు అడిగినవాళ్లు. పుదుచ్చేరి సభలో అదనంగా చేరే ముగ్గురు కేంద్రం నామినేట్ చేసినవాళ్లు. 2017లో ముఖ్యమంత్రిని అడగకుండానే కేంద్రం ముగ్గురిని నామినేట్ చేసింది. 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని, వాళ్లకు ఓటు హక్కు కూడా ఉంటుందని చెప్పింది. 2021 ఫిబ్రవరి 22న నారాయణస్వామి ప్రభుత్వం బలపరీక్షలో పడిపోయిన రోజున సభలో నామినేటెడ్ సభ్యుల బలమూ లెక్కలో ఉంది. ఒక్క ఓటూ తెచ్చుకోనివాళ్లు ముగ్గురు, యాభై ఐదు వేల మంది పంపినవాడు ఒక్కడు. చిన్న సభలు పడిపోతాయని వెక్కిరించేవాళ్లు, వాటిని పడగొట్టే తలుపు ఎవరి చేతిలో ఉందో కూడా చెప్పాలి.

రాష్ట్రం అడిగేవాడి బాధ్యత

పుదుచ్చేరి సభ తనకు రాష్ట్ర హోదా కావాలని ఎన్నోసార్లు తీర్మానించింది. 2023 మార్చిలో కూడా తీర్మానించింది. ఆ డిమాండ్‌ను మేం సమర్థిస్తాం. ఎన్నికైన ప్రభుత్వం ఫైలు చేతబట్టుకుని లెఫ్టినెంట్ గవర్నర్ గుమ్మం ముందు నిలబడటం ప్రజాస్వామ్యం కాదు. కానీ ఒక్క ప్రశ్న అడగక తప్పదు. ఢిల్లీ నుంచి పుదుచ్చేరి తెచ్చుకున్న అధికారంలో యానాం వాటా ఎంత?

ఈ ప్రశ్నకు 'ముందు రాష్ట్రం రానివ్వండి, తర్వాత చూద్దాం' అన్నది జవాబు కాదు. ఆ మాట 1956లో పెద్దమనుషులు చెప్పారు. ఒప్పందాలు కాగితం మీద మిగిలాయి. తర్వాత ఏం జరిగిందో మన ఉద్యోగులకు, మన నిరుద్యోగులకు బాగా తెలుసు. హామీలను నమ్మి మోసపోయిన అనుభవం ఉన్నవాళ్లం, మరొకరిని హామీల మీద బతకమని చెప్పే హక్కు మనకు లేదు.

అంత చిన్న ఊరికి సొంత సభా, ఖర్చు ఎవరిది అని కొందరు నవ్వుతారు. రోడ్రిగ్స్ కూడా రాజధాని డబ్బు మీదే ఆధారపడింది. అయినా సభ ఇచ్చారు. ఎన్నికైన పది మంది కూర్చుని లెక్క చూసుకుంటే ఖర్చు పెరగదు, దొంగతనం తగ్గుతుంది. ఎందుకీ గొడవ, ఆంధ్రలో కలిపేస్తే పోలా అని ఇంకొందరంటారు. ఆ మాట చెప్పవలసింది కాకినాడ వాళ్లు కాదు, పుదుచ్చేరి వాళ్లు కాదు, ఢిల్లీ వాళ్లు అంతకంటే కాదు. ప్రజల ఇష్టం తెలుసుకోవాలన్న ఒప్పందపు వాక్యం దగ్గరికి రమ్మని ముందే చెప్పాం. ఉంటామన్నా పోతామన్నా ఆ మాట యానాం జనం నోటి నుంచే రావాలి.

మేం కోరుతున్నవి మూడు. పుదుచ్చేరి రాష్ట్ర హోదా బిల్లు ఎప్పుడు వచ్చినా, అందులోనే యానాంకు, మాహేకు, కారైకాల్‌కు ఎన్నికైన ప్రాంతీయ సభలు, వాటికి కచ్చితమైన నిధుల వాటా రాసి ఉండాలి. స్థానిక సంస్థల ఎన్నికలు గడువు తీరగానే జరిగి తీరాలి. నామినేట్ అయిన సభ్యుడికి ప్రభుత్వాన్ని నిలబెట్టే, పడగొట్టే ఓటు ఉండకూడదు. ఇవి దయతో ఇచ్చేవి కాదు, చట్టంలో రాసి ఇవ్వవలసినవి. మంచి ముఖ్యమంత్రి వస్తే ఇస్తాడు, చెడ్డవాడు వస్తే లాక్కుంటాడు అనే ఏర్పాటు ఏర్పాటే కాదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని అప్పగిస్తున్నాం. పోర్ట్ లూయీలో కూలీలు ఓడ దిగిన చోటును ఆప్రవాసీ ఘాట్ పేరుతో కాపాడుకున్నారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వాళ్లు దిగిన గట్టు ప్రపంచానికి తెలుసు. మరి ఎక్కిన గట్టు? కోరంగి పేరు చెబితే మడ అడవులు, పక్షులు, పడవ షికారు తప్ప మన పిల్లలకు ఇంకేం గుర్తొస్తుంది? మీ కాలేజీల్లో ఈ చరిత్ర మీద ఒక సభ పెట్టండి. మీ ఊళ్లలో ముసలివాళ్లను అడిగి, ఓడెక్కిపోయినవాళ్ల కబుర్లు రాసిపెట్టండి. ఉద్యోగ మిత్రులు మీ సంఘాల సమావేశాల్లో యానాం మాట ఎత్తండి.

రాష్ట్రం కావాలని అరిచే గొంతు, తన పక్కింటి చిన్నవాడికి వాటా అడిగే దగ్గర మూగబోతే, అది ఉద్యమం అనిపించుకోదు, వాటాల తగాదా అనిపించుకుంటుంది. నలభై వేల మంది దీవికి మారిషస్ ఇచ్చింది. యాభై ఐదు వేల మంది యానాంకు మనం ఏం ఇస్తామో చెబుదాం. ముందు అది తేల్చుకుని, ఆ తర్వాతే ఢిల్లీని నిలదీద్దాం.